పైవాడి డబ్బు



మన పిల్లవాడు అడుగు పెట్టకూడదని గొళ్ళెం పెట్టిన గదిలోకి, పక్కింటి పిల్లవాణ్ణి టిక్కెట్టు పెట్టి పిలవవచ్చునా? గోవా కాసినోల సంగతి చూస్తే ఈ ప్రశ్న తప్పదు.

గోవా ప్రభుత్వం 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్ స్టార్ హోటళ్ళలో జూదపు యంత్రాలకు, 1996లో నీటి మీది ఓడల్లో జూదానికి అనుమతి ఇచ్చింది. నేడు పనాజీ ఎదుట మాండవి నదిలో ఆ ఓడలు లంగరు వేసి ఉంటాయి. మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అలాంటి ఓడ ఒకటి నిలిచిందనుకోండి. మనమందరం ఒకే మాట అంటామా? అనం. పనాజీవారూ అనలేదు. టాక్సీ నడిపేవారికి, లాడ్జీలవారికి, ఓడలో కొలువు దొరికిన కుర్రవాళ్ళకు అది అన్నం పెట్టే చెయ్యి. వారిని తప్పు పట్టడం కడుపు నిండినవారికి తేలిక. కాని అర్ధరాత్రి దాకా కార్ల రద్దీ, నది తమది కాకుండా పోయిందన్న బాధ భరించేవారూ ఆ ఊరివారే. జూదానికి వ్యతిరేకంగా మహిళలు ముందుండి ఉద్యమించారు.

చివరకు ప్రభుత్వం ఏం చేసింది? 2020 ఫిబ్రవరి నుండి గోవావాసులు కాసినోల్లోకి వెళ్ళరాదంది. ఓడలు మాత్రం కదలలేదు. నేపాల్ కాసినోల్లోనూ ఆ దేశస్థులకు ప్రవేశం లేదు. జూదం వట్టి వినోదమే అయితే సొంతవారిని ఆపడమెందుకు? కొంపలు కూల్చేదే అయితే, పైవాడిది కొంప కాదా? ఆ పైవారిలో మన తెలుగువారూ ఉన్నారు. నేపాల్ కాసినోలకు మనవాళ్ళను తరలించారన్న ఆరోపణపై 2022 జూలైలో హైదరాబాదులో ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారులు సోదాలు చేశారు.

అలాగని గోవావారిని వేలెత్తి చూపేంత గొప్పవారమా మనం? కోడిపందాలు ఆపమని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు చెప్పినా, సంక్రాంతికి మన డెల్టాలో బరులు వెలుస్తూనే ఉన్నాయి. పక్కనే గుండాట, పేకాట. హైదరాబాదు నుండి కార్లు దిగుతాయి. పొలం అద్దెకిచ్చినవారికి, పలావు అమ్మేవారికి మూడు రోజుల్లో నాలుగు డబ్బులు. “వాడు తెలిసే వచ్చాడు, వాడి డబ్బు వాడిష్టం” అంటాం. కారులో వచ్చినవాడి విషయంలో ఆ మాట కొంత నిజమే కావచ్చు. అయితే గుండాట బల్ల చుట్టూ నిలబడినవారిలో పక్క ఊరి కూలీ కూడా ఉంటాడు. పంటకోతల్లో ఇద్దరూ కలిసి సంపాదించిన డబ్బు అతని జేబులో ఉంటుంది. భార్య ఇష్టం ఎవరూ అడగలేదు. ఆ డబ్బు పోయిన సంగతి ఆమెకు తెలిసేది పండుగ వెళ్ళాక, కొట్లో బాకీ అడిగినప్పుడు.