తాడు రెండో కొస

డెన్వరుకు తూర్పున ఆనుకుని వున్న మా అరోరా నుండి చూస్తే పడమట రాకీ పర్వతాలు గోడ కట్టినట్లు కనబడతాయి. ఇన్నేళ్ళు ఇక్కడ కాపురముండి కొండ ఎక్కలేదంటే నవ్వుతారన్న భయమో, నిజమైన ఆసక్తో గాని, ఒక జనవరిలో మేము ఐదుగురు మిత్రులం గుడారాలు కట్టుకుని కాన్యన్ సిటీ దగ్గరి షెల్ఫ్ రోడ్‌కు బయలుదేరాము. 1890ల నాటి క్రిపుల్ క్రీక్ బంగారు గనుల కోసం కొండ అంచున తొలిచిన బళ్ళబాట అది. అక్కడి సున్నపురాతి గోడలు చాలావరకు ఎండకు అభిముఖంగా వుంటాయి గనుక చలికాలంలోనూ రాయి వెచ్చగా వుంటుంది. ఎండ వున్నంతసేపే సుమా!

జరిగినది ప్రమాదమేమీ కాదు. రెండోనాడు సాయంత్రం మాలో పెద్దాయన పైన ఎక్కుతున్నారు, చిన్నవాడు కింద తాడు పట్టాడు. తెలియనివారికి ఒక మాట. ఎక్కేవారు రాతిలో బిగించిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ పోతారు. ఆఖరి బోల్టుకు 6 అడుగుల పైన చేయి జారితే 12 అడుగులకు పైగానే పడతారు. ఆ పడటాన్ని ఆపేది కిందివాడి నడుముకున్న చిన్న పరికరం, దాని వెనుక తాడు వదలని అతని చేయి. ఎండ వాలింది. పెద్దాయన పైనుంచి, "ఇంకొక్క బోల్టు, పరవాలేదుగా?" అన్నారు. "పరవాలేదండీ, కానీయండి" అన్నాడు చిన్నవాడు.

ఆ రాత్రి స్టవ్ దగ్గర చేతులు కాచుకుంటూ అతడు మెల్లగా బయటపెట్టాడు. అప్పటికే వేళ్ళకు స్పర్శ లేదట. "మరి చెప్పలేదేం?" అంటే, "ఆయన అంత ఉత్సాహంగా వుంటే ఎలా చెప్పను?" అన్నాడు.

ఎవరి ప్రాణం వారిష్టం అనే వాదం ఆ రాత్రి మామధ్య చాలాసేపు నలిగింది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ మరణించాడు. ఒంటరివాడు తన ప్రాణం తప్ప మరెవరిది పణం పెట్టాడని ఒకరి ప్రశ్న. అతణ్ణి వెదకబోయినవారు ఆ కొండల్లోకే వెళ్ళలేదా అని మరొకరి జవాబు. మా కొలరాడోలో కొండల్లో చిక్కుకున్నవారిని దించేది చాలామటుకు జీతం లేని స్వచ్ఛంద సేవకులే. రుసుము పుచ్చుకోరు. ఆ "ఉచితం" వెనుక వాళ్ళ చేతులు కూడా చల్లబడతాయని మాకు అంతకుముందు తోచనే లేదు.

అలాగని ఇంట్లో కూర్చోమనడం మా ఉద్దేశం కాదు. మంచు పడ్డనాడు ఆఫీసుకు కారు నడపడంలోనూ ఎదుటివాడి ప్రాణం వుంది. మమ్మల్ని బాధించింది సాహసం కాదు, మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకు వుంది గాని అది సభలో చెప్పేది కాదు. దాన్ని మనం మర్యాద అనుకుంటాము. కాని ఒకరి బరువు చేతిలో వున్నప్పుడు చెప్పకుండా మింగిన నిజం అబద్ధం కాదా? తప్పు చిన్నవాడిదేనా అంటే, అదీ కాదు. "పరవాలేదుగా?" అన్నది మన భాషలో ప్రశ్నే కాదు, జవాబు ముందే నింపి సంతకానికి ఇచ్చిన కాగితం. పక్కనే నిలబడి ఎండ పోవడం చూసిన మేము ముగ్గురమో? మాకు తాడుతో సంబంధం లేదన్నట్లు కాఫీ గురించి మాట్లాడుకుంటున్నాము.

మర్నాడు ఆవకాయ సీసాలో నూనె పేరుకుపోయివుంది. పెద్దాయన తాడు విప్పుతూ, చిన్నవాడి వంక చూసి, "చేతులు ఎలా వున్నాయి?" అని అడిగారు. అతడు వేళ్ళు ముడిచి, చాచి, కొంచెంసేపు చూసుకున్నాడు.

"బాగాలేవండీ" అన్నాడు.

ఆయన తాడు మళ్ళీ చుట్టేశారు. మేము ఉప్మాకు నీళ్ళు పెట్టాము.