ఐదో కారణం

మా పనిలో అన్నింటికంటే ఎక్కువ చెరుపు చేసిన మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయింది." ఐస్ మిషన్ ఐస్ వేయకపోయినా, ఫ్రిజ్ చల్లబడకపోయినా, ఏసీలోంచి వేడిగాలి వచ్చినా మెకానిక్ నోట ముందు వచ్చేది అదే. గ్యాస్ పెట్రోలు కాదు ఖర్చయిపోవడానికి. మూసిన రాగి గొట్టాల్లో తిరిగేది. కంప్రెషర్ దాన్ని నొక్కుతుంది, కండెన్సర్ దగ్గర అది తన వేడి వదిలేస్తుంది, ఐస్ కట్టే పలక వెనక ఆవిరై నీళ్లలో వేడిని లాక్కుంటుంది, మళ్లీ కంప్రెషర్‌కే చేరుతుంది. లీకు లేకపోతే ఎన్నేళ్లయినా అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. అదెక్కడో చూడకుండా గ్యాస్ కొట్టి పైసలు తీసుకున్నవాడు రిపేరు చేసినట్టు కాదు, వెతకడం ఆపేసినట్టు.

మా ఊళ్లలో మనుషుల గురించి చెప్పే ఇంకో మాట కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. "రాత." కొందరు "ఖర్మ" అంటారు. తంగళ్ళపల్లిలో, మానేరు వంతెన దాటితే వచ్చే సిరిసిల్లలో ఈ మాట వినకుండా రోజు గడవదు. నేను పద్మశాలి ఇంట్లో పుట్టి సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగి, చల్లటి మిషన్ల పనిలోకి వచ్చినవాణ్ని. రెండు మాటలూ చిన్నప్పటినుంచి చెవిలో ఉన్నవే కాబట్టి, ఒకదాన్ని నమ్మనివాడు రెండోదాన్ని ఎట్లా నమ్మాలన్నది నాకు పెద్ద ప్రశ్న అయింది.

ఒక ఎండాకాలం మా మండలంలోనే ఒక జ్యూస్ దుకాణం నుంచి పిలుపొచ్చింది. దుకాణం ఆయన ఒకప్పుడు సొంత సాంచలున్న ఆసామి. ఆర్డర్లు లేక సాంచలు తుక్కు కింద అమ్ముకుని, వచ్చిన దాంట్లో సెకండ్ హ్యాండ్ ఐస్ మిషన్ కొన్నాడు. నేను పోయేసరికి, "గ్యాస్ కొట్టి పో తమ్మీ. నేను పట్టుకున్నదేదీ నిలువది. నా రాతనే గింత" అన్నాడు. మాటలో కోపం లేదు. ఎప్పుడో తీర్పు వచ్చేసిన కేసు గురించి చెప్పినట్టు చెప్పాడు.

"గ్యాస్ సంగతి తర్వాత చూద్దామన్నా, ముందు ఐస్ చూపియ్యి" అన్నాను.

ఐస్ ముక్కను చేతిలో పట్టుకుని చూస్తే సగం కథ తెలుస్తుంది. పలకకు ఎడమ పక్క గడులు నిండుగా ఉన్నాయి, కుడి పక్కవి గుల్లగా ఉన్నాయి. గ్యాస్ తక్కువైతే ఐస్ మందం పలక మీద పైకీ కిందికీ తేడాగా కట్టడం మామూలుగా కనిపిస్తుంది. ఇట్లా ఎడమకూ కుడికీ తేడా వస్తే ముందు నీళ్లను అనుమానించాలి. పలక మీదికి నీళ్లు పోసే గొట్టం విప్పాను. చిన్న చిన్న రంధ్రాలు కుడి పక్కన తెల్లటి పొరతో మూసుకుపోయి ఉన్నాయి. మా బోరు నీళ్లు రాతిలోంచి సున్నం మోసుకొస్తాయి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు స్వచ్ఛమైన నీరు ముందు ఐసవుతుంది, సున్నం వెనకబడి తొట్టిలో మిగిలిన నీళ్లలో చేరుతుంది. అందుకే పారే నీళ్లతో కట్టిన ఐస్ అద్దంలా తేటగా వస్తుంది. అందుకే ప్రతి విడతకూ ఆ మిగిలిన నీళ్లను మిషన్ బయటికి వదిలెయ్యాలి. ఇక్కడ ఆ వదిలే దారి కూడా పూడుకుపోయింది. సున్నం ఎటూ పోలేక ఉన్నచోటే పేరుకుంది.

వెనక్కి పోయి కండెన్సర్ జాలి తీశాను. గోడ అవతల ఇంకా నడుస్తున్న సాంచల షెడ్డు. కండెన్సర్ రెక్కల మీద నూలు నూగు పేరుకుని మిషన్‌కు దుప్పటి కప్పినట్టుంది. లోపలి వేడి బయటికి పోయే దారి అదొక్కటే. మే నెల మధ్యాహ్నం, 44 డిగ్రీల ఎండలో, దుప్పటి కప్పుకుని పనిచేయమంటే ఏ మిషన్ చేస్తుంది?

మూడోది మేడ మీది నల్ల ట్యాంకు. మిషన్ ఎన్ని కిలోల ఐస్ కడుతుందో చెప్పే లెక్కల్లో ఒకటి 32 డిగ్రీల గాలికి, 21 డిగ్రీల నీళ్లకు కట్టింది. 21 డిగ్రీల లీటరు నీళ్లను ఐస్ చేయాలంటే 101 కిలోకేలరీల వేడి తీయాలి: సున్నాకు దించడానికి 21, గడ్డ కట్టించడానికి 80. ఆ ట్యాంకులో నీళ్లు 40 డిగ్రీలుంటే అది 120 అవుతుంది. నీళ్ల వల్లనే దాదాపు ఐదో వంతు పని పెరిగిందన్నమాట. గాలి వేడి సంగతి దీనికి అదనం.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా మిషన్‌ను ఆపేది కాదు. కలిసొచ్చి ఆపాయి. నూగు దులిపి, రెక్కలు సరిచేశాను. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పంపుతో తిప్పి సున్నం కరిగించి, బాగా కడిగాను. పలక మీద స్టీలు పీచు ముట్టించలేదు, పూత గీరుకుపోతే మళ్లీ సున్నం అక్కడే పట్టుకుంటుంది. ఆ నీళ్లన్నీ పూర్తిగా పోయాకనే క్లోరిన్ నీళ్లు తిప్పాను. ఆ రెండూ ఒకేసారి కలిస్తే విషవాయువు పుడుతుంది, ఈ పని నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ నేను ముందు చెప్పేది ఇదే. చివరికి గేజ్ పెట్టి చూస్తే గ్యాస్ ఉండాల్సినంత ఉంది.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో, ఏ పని జరగడానికైనా ఐదు కారణాలుంటాయని కృష్ణుడు చెబుతాడు. పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు. ఐదోది దైవం. ఈ వరుస నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలలేదు. దైవం లేదని అక్కడ చెప్పలేదు. అట్లాగని ముందూ పెట్టలేదు. నాలుగు చెప్పాకే ఐదోది చెప్పాడు. జ్యూస్ దుకాణంలో చోటు సాంచల షెడ్డు పక్కన. పనిముట్టు సున్నం పట్టిన గొట్టం. ప్రయత్నం కొన్నప్పటినుంచీ చేయని క్లీనింగు. ఎండ మాత్రం మన చేతిలో లేదు, దాన్ని దైవమనే అనుకుందాం. కానీ ఎండ వంతు ఎంతో తెలిసింది కాబట్టి మిషన్‌ను రాత్రి నడిపి, తెల్లారేసరికి ఐస్ డబ్బా నింపి పెట్టుకోమన్నాను. రాత్రి గాలి చల్లన, ట్యాంకు నీళ్లూ చల్లన. ఐదో కారణాన్ని దాని స్థానంలో ఉంచితే దానితో కూడా ఇట్లా సర్దుకోవచ్చు. మొట్టమొదట దాన్నే నిలబెడితే మిగతా నాలుగూ దాని నీడలో కనిపించకుండా పోతాయి.

మిషన్ నడిచాక ఆయన అడిగాడు: "మరి నా సాంచలకు సుత ఇట్లనే కారణాలుంటయా తమ్మీ?"

ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి గేజ్ అక్కర్లేదు. 2017లో బతుకమ్మ చీరల సర్కారు ఆర్డర్లు మొదలయ్యాక సిరిసిల్ల వాటి మీద ఆధారపడింది. 2024లో అవి ఆగేసరికి కార్ఖానాలు మూతపడ్డాయి. అరువు మీద తెచ్చిన నూలు, బట్ట బిల్లు రాకముందే పెరిగే వడ్డీ, భివండీ, సూరత్ బట్టతో పోటీ. ఇవన్నీ చోటు, పనిముట్టు, ప్రయత్నం లెక్కలోకే వస్తాయి. ఎవరో ఒకరు నిర్ణయించినవి, ఇంకొకరు మార్చగలిగినవి. సిరిసిల్లలో ఎంతమంది నేతన్నలు ఇంట్లోనే ప్రాణం తీసుకున్నారో మాకు తెలుసు. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు "ఆయన రాత" అన్నారు. ఆ మాటతో దర్యాప్తు ముగిసింది. గ్యాస్ కొట్టి పోయినట్టే.

రాతకు ఎదురు చెప్పడం భక్తికి విరుద్ధమని మా వాళ్లు అనుకుంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే పద్మశాలీలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే భావనారుషి మార్కండేయుడి వంశం. మార్కండేయుడి కథ మొత్తం రాత గురించే. పదహారేళ్లే ఆయుష్షని పుట్టకముందే నిర్ణయమైన పిల్లవాడు. తేదీ తెలుసు. తల్లిదండ్రులకు తెలుసు, తనకూ తెలిసింది. అయినా ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేదు. శివలింగాన్ని కావలించుకున్నాడు, యముడు పాశం వేసినా వదల్లేదు. దేవుడు దిగివచ్చింది రాతను ఒప్పుకుని కూర్చున్నవాడి కోసం కాదు, ఒప్పుకోకుండా పట్టుకున్నవాడి కోసం. మార్కండేయుడి గుడిలో దండం పెట్టి బయటికి వచ్చి "మన చేతుల ఏమున్నది" అంటే, లోపల ఎవరికి దండం పెట్టినట్టు?

ఇది శివుడి దయ కథ, రిపేరు కథ కాదు అని మా అమ్మ అంటుంది. నిజమే. దయను నేను తక్కువ చేయడం లేదు. ఆ దయ వచ్చేసరికి పిల్లవాడి చేతులు ఖాళీగా లేవన్నదే నేను చూసే సంగతి.

అమ్మ దగ్గర ఇంకా గట్టి మాట ఒకటుంది. మా వాడకట్టులో ఒకామె భర్త చనిపోయి నెల తిరగలేదు. అప్పు ఎంత, ఎవరి దగ్గర, నూలు ఎప్పుడు ఆగింది అని నేను అడుగుతుంటే అమ్మ ఆపింది. "కారణం దొరికినంక ఏం జేస్తవ్ బిడ్డా? మనిషి వస్తడా? ఆమె బతకాలె గద. రాత అనుకుంటెనే ఆమెకు నిద్ర పడుతది."

ఆ మాట ముందు నేను తగ్గాను. భర్త పోయిన మనిషి దగ్గరికి పోయి నాలుగు కారణాలు లెక్కపెట్టడం క్రూరం. ఆ ఇంట్లో ఐదో కారణమే దిక్కు. అక్కడ నేను కూడా రాత అనే అంటాను, మనసారా అంటాను. బాధకు అది మందే. కానీ ఆ మాట చనిపోయినవాడి ఇంట్లో చెప్పాల్సింది. అదే షెడ్డులో, అదే అరువు నూలు మీద, ఈ రాత్రి కూడా సాంచ నడుపుతున్న నలుగురికి చెప్పాల్సింది కాదు. వాళ్ల బాకీ ఎంతో ఇవాళ అడగొచ్చు, వడ్డీ సంగతి ఇవాళ మాట్లాడొచ్చు, ఎవరైనా తిండి మానేసి మౌనంగా ఉంటే ఇవాళే పోయి పక్కన కూర్చోవచ్చు.

దీనికి అమ్మ ఒప్పుకుంది. మర్నాడు ఆ నలుగురిలో ఒకరింటికి నాకంటే ముందు తనే పోయివచ్చింది. రాత లేదంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.