ఆమె పేరున పడే సొమ్ము

సుందర్‌బన్ పల్లెల ఆడవాళ్లు ఎందరో తెల్లవారకముందే క్యానింగ్ లోకల్ రైలు ఎక్కి, కోల్‌కతా ఇళ్లలో అంట్లు తోమడానికి వస్తారు. అలాంటి కుటుంబాలకూ అందేలా 2021లో బెంగాల్ ప్రభుత్వం ‘లక్ష్మీర్ భండార్’ పెట్టింది. నెలకు 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 1000, నేరుగా ఇల్లాలి బ్యాంకు ఖాతాకే. 2024లో దాన్ని 1000, 1200 చేశారు.

దాంతో ఇల్లు గడవదు, నిజమే. కానీ బిడ్డకు జ్వరమొస్తే మందుల చీటీ పట్టుకుని అప్పుకోసం ఇంకొకరి గుమ్మం ఎక్కనక్కర్లేదు. మొగుడి చేతికేసి చూడనక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద మార్పు అదేనంటాను.

ఊరికే డబ్బిస్తే సోమరులవుతారనేవాళ్లు ఇంకా ఉన్నారు. కోల్‌కతాలో చదువుకున్న నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ, సహ పరిశోధకులు పలు దేశాల నగదు పథకాలను పరిశీలించారు. సాయం అందుకున్నవాళ్లు పని తగ్గించుకున్నారనడానికి వారికి ఆధారమే దొరకలేదు.