అరువు రంగు

మా ఎదురింటాయన దగ్గర పాత ఎమ్‌జీ స్పోర్ట్స్ కారుంది. ఓ ఆదివారం దాన్ని తుడుస్తుంటే రంగు పేరడిగాను. "బ్రిటిష్ రేసింగ్ గ్రీన్" అన్నాడు గర్వంగా.

ఆ పేరు సంగతి తర్వాత చదివాను. 1902లో సెల్విన్ ఎడ్జ్ నేపియర్ కారులో బ్రిటన్‌కి గోర్డన్ బెన్నెట్ కప్ గెలిచిపెట్టాడు. గెలిచిన దేశమే మరుసటేడు పందెం జరపాల్సి ఉండేది. బ్రిటన్ రోడ్ల మీద పందేలకు ఆనాటి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని 1903లో, అప్పట్లో తమ ఏలుబడిలోనే ఉన్న ఐర్లండ్‌లో జరిపారు. ఆతిథ్యానికి గౌరవంగా తమ కార్లకు ఐర్లండ్ పచ్చ పూశారంటారు. పచ్చ నిలిచింది, ఐర్లండ్ పేరు జారిపోయింది.

మన చిలకపచ్చలో చిలక ఉంది. వంకాయ రంగులో వంకాయ ఉంది. ఇచ్చినవాళ్లను తలవకుండా ఆ రంగుల్ని పిలవలేం. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. మరి ఎవరూ కావాలని చెరపకుండానే ఇచ్చినవాడి పేరు చెరిగిపోతే, ఆ తప్పెవరిది?

నేను అమెరికా వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన తన బేస్‌మెంటులో నాలుగు నెలలు ఉండనిచ్చారు. "రెండు సూట్‌కేసులతో వచ్చాను, అంతా నా కష్టమే" అని పిల్లలకు చెబుతుంటాను. ఆయన గురించి అబద్ధమేమీ చెప్పలేదు. చెప్పడం మానేశానంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర కథ మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి ఆయన పేరుతో.