వంత పాడినవాళ్లు

తెలుగులో ఒక మనిషిని తీసిపారేయాలంటే ‘వాడిదేముంది, ఫలానా వారికి వంత పాడతాడు’ అంటే చాలు. బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు, అసలు వంత అంటే అది కాదని. కథకుడు గుక్క తిప్పుకునే ఆ కాస్త వ్యవధిలో కథ కింద పడిపోకుండా పట్టుకునేది పక్కనున్న ఇద్దరే. వాళ్లు సరిగ్గా లేకపోతే ఎంతటి కథకుడూ అరగంట నిలబడలేడు. అంతటి పనికి మన నుడికారం ఇంత చులకన అర్థం ఎందుకు అంటగట్టిందో!

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది మాత్రం బుర్రకథ దగ్గర కాదు, ఒక అమెరికా రికార్డు దగ్గర. దాని పేరు ‘జీపీ’. గ్రామ్ పార్సన్స్ అనే గాయకుడి పేరులోని పొడి అక్షరాలవి. బర్డ్స్, ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ అనే రెండు బృందాల్లో పాడి బయటికొచ్చాక, తన ఒక్కడి పేరు మీద వేసుకున్న మొదటి రికార్డు. 1973 జనవరిలో వచ్చింది. కంట్రీ పాట అక్కడి దక్షిణాది పల్లెల్లో ఫిడేలు, గిటారు మీద పెరిగిన పాట. తాగుడు, ఎడబాటు, పాపభీతి దాని సరుకు.

పార్సన్స్ తల్లి తరఫువాళ్లు ఫ్లోరిడాలో నారింజ తోటలతో గడించిన కుటుంబం. ఆ డబ్బులో తన వాటాకు వచ్చినదాన్ని తీసి అతను చేసిన పని ఏమిటంటే, ఎల్విస్ ప్రెస్లీ వెనక వాయించేవాళ్లను పిలిపించుకోవడం: గిటారు మీద జేమ్స్ బర్టన్, పియానో మీద గ్లెన్ డి. హార్డిన్, డ్రమ్స్ మీద రానీ టట్. ఫిడేలుకు బైరన్ బెర్లైన్. పార్సన్స్ గొంతు గట్టిది కాదు. పైకి వెళ్లేసరికి వణుకుతుంది, ఒక్కోచోట శ్రుతి అంచు మీద నిలబడుతుంది. అలాంటి ప్రతిచోటా బర్టన్ గిటారు ఓ రెండు మాటలు అందించి తప్పుకుంటుంది. పెళ్లిలో కాలు జారబోయిన పెద్దాయన మోచేయి ఎవరికీ కనబడకుండా పట్టుకున్నట్టు.

మరి ఆ పాట ఎవరిది?

కూలి ఇచ్చాడు కదా, లెక్క తీరిపోయింది అని మొదట్లో నేనూ అనుకున్నాను. వడ్రంగి చేసిన తలుపు మీద వడ్రంగి పేరు చెక్కుకుంటామా? కానీ ఇదే బర్టన్ పదిహేడేళ్ల కుర్రాడిగా 1957లో డేల్ హాకిన్స్ ‘సూజీ క్యూ’కు గిటారు వాయించాడు. ఆ పాటను గుర్తుపట్టేదే అతని గిటారు వరసతో. రచయితల పేర్లలో మాత్రం అతను లేడు. 2001లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు, అదీ పక్కవాద్యగాళ్ల కోసం వేరుగా పెట్టిన వరసలో. గౌరవించేటప్పుడు కూడా పంక్తి వేరు! కూలితో తీరేది ఆ పూట శ్రమ. ఆ కుర్రాడి వేళ్లకు తట్టినదానికి కూలి ఎలా కడతాం?

అయితే రెండో వైపూ చూడాలి. ‘జీపీ’ అమ్ముడుపోలేదు. ఆ ఓటమి రాసుకున్నది పార్సన్స్ ఒక్కడి ఖాతాలోనే. బర్టన్, హార్డిన్, టట్‌లకు ఎల్విస్ కొలువు ఉండనే ఉంది. అట్ట మీద పేరు కీర్తికే కాదు, నష్టం ఎవరి గుమ్మం తొక్కాలో చెప్పడానికి కూడా. పైగా వాళ్లందరినీ ఒక గదిలోకి చేర్చిన ఆరాటం అతనిది. నేర్పు డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు, ఆ ఆరాటం ఎక్కడా దొరకదు. కనుక పేరు అతనిదే కావడంలో అన్యాయం ఉందని గట్టిగా అనలేను.

నా ఈ తీర్పు కాస్తా ఎమ్మిలూ హ్యారిస్ దగ్గర తడబడుతుంది. వాషింగ్టన్ క్లబ్బుల్లో పాడుకుంటూ బిడ్డను పెంచుకుంటున్న ఆమెను క్రిస్ హిల్‌మన్ విని పార్సన్స్‌కు చెప్పాడు. ఆమె వచ్చి రెండో గొంతు పాడింది. 1973 సెప్టెంబరు 19న పార్సన్స్ ఇరవయ్యారేళ్లకే పోయాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘గ్రీవస్ ఏంజెల్’ అట్ట మీద ఇద్దరి బొమ్మా వేయాలని ముందు అనుకున్నారు. చివరికి అతని ముఖం ఒక్కటే మిగిలింది. వంత గొంతును అట్ట మీంచి తీసేయగలిగారు గానీ పాటలోంచి తీయలేరు కదా.

ఆమె 1975లో తన రికార్డు వేసుకుంది. అందులో బర్టన్, హార్డిన్ ఉన్నారు, ఇప్పుడు ఆమె వెనక. పార్సన్స్ కోసం కట్టిన పాటా అందులోనే ఉంది. తర్వాత ఆమెకు వంత పాడిన రాడ్నీ క్రోవెల్, రిక్కీ స్కాగ్స్ తమ పేర్లతో రికార్డులు వేసి ఆమె పక్కనుంచి వెళ్లిపోయారు. 1999లో పలువురు గాయకుల చేత పార్సన్స్ పాటలు పాడించి ఒక రికార్డు తెచ్చినప్పుడు దాని వెనక నిలబడిందీ ఆమే.

రాష్ట్రం బయట తరతరాలుగా ఉంటున్న మనకు ఈ రెండో వరస కొత్తదేమీ కాదు. బడిలో, బజారులో ఒక భాష పల్లవి ఎత్తుకుంటే ఇంట్లో మన భాష వంత అందుకుంటుంది. వంత అనే మాట తిట్టుగా వినబడినప్పుడు నాకు కాస్త ఎక్కువగానే గుచ్చుకోవడం అందుకేనేమో.

‘జీపీ’లో రెండో పాట ఆ ఇద్దరూ కలిసి పాడినది. ఇద్దరి రహస్య స్నేహం మీద పాట. అట్ట మీద పేరు అతనిది, ఎత్తుగడ అతనిది. ఎన్నిసార్లు విన్నా, తర్వాత పనిలో పడి నాకు తెలియకుండా కూనిరాగం తీస్తే నోట వచ్చేది ఆమె వరసే.