కప్పడం, కప్పిపుచ్చడం: హాస్పిస్ ప్రార్థనా శాలువపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'కప్పు' అనే ధాతువు నైతికంగా పరస్పర విరుద్ధమైన రెండు వ్యవహారాలకు ఆశ్రయమైంది. చలికి వణికేవారికి దుప్పటి కప్పుతాం. చేసిన తప్పును కప్పిపుచ్చుతాం. మొదటిది ఆదరణ, రెండవది వంచన. లాటిన్ మూలంలోనూ ఇటువంటి జంట కనబడుతుంది. 'పాలియం' అంటే మీద కప్పుకొనే వస్త్రం. దాని నుండి పుట్టిన 'పాలియేట్' అనే ఆంగ్ల క్రియకు వ్యాధిని నయం చేయకుండా బాధను మాత్రం తగ్గించడమనే అర్థంతోపాటు, దోషాన్ని తేలికగా కనిపింపజేయడమనే అర్థం కూడా ఉంది. మాంట్రియల్ నగరానికి చెందిన శస్త్రవైద్యులు బాల్ఫర్ మౌంట్ 1970ల దశకంలో మరణాసన్నుల సేవకు 'పాలియేటివ్ కేర్' అని పేరు పెట్టారు. ఆ విధంగా ఒక వైద్యశాఖ తన పేరులోనే వస్త్రాన్ని ధరించింది. ఆ శాఖ పరిధిలో రోగి భుజాలపై నిజంగానే ఒక చేనల్లిక శాలువను కప్పే ఆచారం నేడు ఉంది. ఆ కప్పడం పై రెండింటిలో ఏది అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఆచారం పాతది కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సెమినరీలో మహిళల ఆధ్యాత్మిక నాయకత్వ శిక్షణ పొందిన జానెట్ బ్రిస్టో, విక్టోరియా కోల్-గాలో 1998లో దీనిని ప్రారంభించారు. మూడు నిట్ కుట్లు, మూడు పర్ల్ కుట్లు మారిమారి వచ్చే సులభమైన అల్లిక వారిది. చేతులకు అలవాటైతే కన్ను అక్కడ లేకపోయినా సాగిపోతుంది. మనసు ప్రార్థనకు ఖాళీ అవుతుంది. మన జపమాల ఎరిగినవారికి ఈ సంబంధం వివరించనక్కరలేదు. చర్చిలలోని బృందాలు అల్లిన శాలువలను చేతినుండి చేతికి అందించుకొని ఆశీర్వదించి పంపుతాయి. అమెరికాలో తొలి ఆధునిక హాస్పిస్ సేవ 1974లో ఆరంభమైనదీ ఇదే కనెక్టికట్ రాష్ట్రంలో. అంతకుముందు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పిన సిసిలీ సాండర్స్, మరణాసన్నుని వేదన దేహానికే పరిమితం కాదనీ, మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక వేదనలు అందులో విడదీయరానివనీ ప్రతిపాదించారు. మార్ఫిన్ చేరలేని చోటు ఒకటుందని వైద్యమే అంగీకరించిన తరువాతనే శాలువకు ఆ గదిలో స్థానం దొరికింది.

ఇక ఆక్షేపణలు. వాటిలో బలమైనది ప్రార్థనకు సంబంధించినది. యూదుల ప్రార్థనా వస్త్రమైన తాలిత్‌ను దీనితో పోల్చి చూడవచ్చు. తాలిత్ అంచుల కుచ్చులు ధరించినవానికి ధర్మవిధులను గుర్తుచేస్తాయి. మరణించినవానిని అదే వస్త్రంలో ఖననం చేసేటప్పుడు, అతనికిక విధులు లేవు గనుక, ఒక కుచ్చును తొలగించే ఆచారం ఉంది. అక్కడ ప్రార్థన ధరించినవానిది. హాస్పిస్ శాలువలో ప్రార్థన అల్లినవారిది. రోగి ఆ విశ్వాసానికి చెందకపోవచ్చు. ఏ విశ్వాసమూ లేనివాడు కావచ్చు. వద్దనే శక్తి కూడా లేనివాడు కావచ్చు. అటువంటివానిపై మరొకరి ప్రార్థనను కప్పడం, ఎంత మృదువైన ఊలుతోనైనా, అతిక్రమణమే. దీనికి 'ప్రార్థన వల్ల నష్టమేముంది?' అన్నది సమాధానం కాదు. నష్టం లేనిదంతా న్యాయం కాజాలదు. మాట్లాడగలిగిన రోగిని ముందుగా అడగడం, ఆ శాలువ ఎక్కడిదో దాచకుండా చెప్పడం, తిరస్కరిస్తే నొచ్చుకోకుండా వెనక్కు తీసుకోవడం, ఈ మూడూ ఉన్నచోటనే అది ఆదరణ. లేనిచోట ఇచ్చేవారి తృప్తిని రోగిసేవగా కప్పిపుచ్చడమే అవుతుంది.

అడిగి ఇచ్చినప్పుడైనా ఇది ఎటువంటి దానం? దానానికి ప్రతిదానపు బాధ్యత అంటిపెట్టుకొని ఉంటుందని 1925లో వెలువడిన వ్యాసంలో మార్సెల్ మోస్ వాదించారు. కొద్ది వారాల ఆయుష్షు మిగిలినవానిపై ఆ బాధ్యత మోపలేం. భగవద్గీత 17వ అధ్యాయం ప్రత్యుపకారం చేయనివానికి, తగిన దేశకాలాలలో, పాత్రునికి ఇచ్చేదానిని సాత్త్విక దానమన్నది. శాలువ మొదటి లక్షణానికి పరాకాష్ఠ. అయితే చాలా సందర్భాలలో అల్లేవారికి తాము అల్లేది ఎవరికోసమో తెలియదు. అల్లిక మొదలైననాటికి ఆ రోగికి తన రోగమే తెలిసి ఉండకపోవచ్చు. పాత్రతను విచారించే అవకాశం ఇక్కడ లేనేలేదు. ఇది లోపమని నేను భావించను. మృత్యుశయ్యపై ఉన్నవాని యోగ్యతను తూచడం ఏ త్రాసుకూ తగని పని.

మన సాహిత్యసభల శాలువ దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉంది. అది పాత్రతను ప్రకటించడానికే కప్పబడుతుంది, నలుగురూ చూస్తుండగా కప్పబడుతుంది, తరువాత బీరువాలో చేరుతుంది. ఈ పత్రిక పాఠకులలో అటువంటి బీరువా లేనివారు తక్కువ.

అల్లే చేతుల విషయం కూడా చూడాలి. పశ్చిమ గోదావరి ప్రాంతానికి క్రోషే అల్లికను తెచ్చినది పందొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ మిషనరీలే. నరసాపురం లేసు కార్మికులపై 1982లో వెలువడిన గ్రంథంలో మరియా మీస్, ఎగుమతి వ్యాపారానికి ఆధారమైన ఆ స్త్రీల శ్రమను గృహిణుల తీరిక వేళల వ్యాపకంగా లెక్కకట్టిన తీరును విశ్లేషించారు. అక్కడ శ్రమకు 'తీరిక' అని పేరు పెట్టి కూలి తగ్గించారు. హార్ట్‌ఫర్డ్ శాలువలో నిజమైన తీరికనే దానం చేస్తున్నారు. తీరికను దానం చేయగలగడం ఒక భాగ్యం. అందరు అల్లికదారులకూ అది లేదు. చేతిపనిలోని పవిత్రతను గూర్చి వ్రాసేవారు (నేనూ అందులో ఒకడినే) ఈ సంగతిని తరచుగా దాటవేస్తారు.

కుటుంబానికి ఈ వస్త్రం చేసే మేలు వేరు. అమెరికా మెడికేర్ నిబంధనల ప్రకారం హాస్పిస్ సంస్థ మరణానంతరం ఒక ఏడాది వరకు కుటుంబానికి శోకసమయపు సేవ అందించాలి. అంటే అక్కడ సేవకు పాత్రమైనది రోగి ఒక్కడే కాదు. చికిత్స ఆగిపోయిన గదిలో కుమార్తెకు చేయడానికి పని మిగలదు. మందులు నర్సు ఇస్తుంది, ఆహారం రోగి కోరడు. శాలువ జారినప్పుడు సరిచేయడం, పాదాలు బయటపడితే కప్పడం, చేతికింద మడత లేకుండా చూడడం మాత్రం ఆమెకు ఉంటాయి. ఈ చర్యలేవీ మరణాన్ని దాచవు. ప్రతి పావుగంటకూ ఆ దేహం ఎంత చల్లబడుతున్నదో ఆమె చేతికి తెలుపుతూనే ఉంటాయి. కప్పడం కప్పిపుచ్చడంగా మారకుండా నిలిచేది ఇక్కడనే అని నా అభిప్రాయం.

తరువాత శాలువ ఎవరిది? కొందరు దానిని మృతదేహంతోనే పంపుతారు. కొందరు ఉంచుకుంటారు. ఉంచుకున్నవారికి దానిని ఉతకాలా వద్దా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. ఉతికితే మనిషి వాసన పోతుంది. ఉతకకపోతే రోగపు వాసన పోదు. ఈ నిర్ణయంలో అల్లినవారికి గాని, ప్రార్థించినవారికి గాని ఏ ప్రమేయమూ లేదు.