ఎసరును వడ్డనయు

అతిథిని పీటపై కూర్చుండబెట్టి, బియ్యమున కెంత యెసరు పెట్టవలెనని యతనినే యడుగు గృహస్థుని మన మెవ్వరమును మెచ్చము. సాఫ్ట్‌వేరు నిర్మాతలు మాత్రము ఇట్టి పనినే మర్యాదగా నెంచుచుండుట మాకు వింతగా దోచుచున్నది.

పూర్వము కంప్యూటరును నెట్‌వర్కునకు చేర్చుటకు దాని చిరునామాంకెలను చాలచోట్ల మనుష్యుడే చేతితో నింపవలసి యుండెను. ఒక యంకె తప్పినను, ఒకే చిరునామా రెండు యంత్రములకు పడినను పని చెడుచుండెను. 1993లో ప్రకటితమైన డీహెచ్‌సీపీ యను పద్ధతి యీ శ్రమను దీర్చెను. యంత్రము తానే చిరునామా నడుగును. సర్వరు ఖాళీగానున్నదానిని గడువు పెట్టి యిచ్చును. గడువు తీరకమునుపే యంత్రము దానిని పొడిగించుకొనును. నేడు మన యిండ్లలో ఫోను వైఫైకి చేరునప్పుడు సాధారణముగా జరుగున దిదియే. ఇంటివారికి దీని యూసే పట్టదు.

యంత్రము కనిపెట్టగలదానిని మనుష్యునిచే చెప్పించుట నిర్మాత సోమరితనమే. “సెట్టింగులలో మార్చుకొనుడు” అనుట స్వేచ్ఛ నొసగుట కాదు. తాను తేల్చవలసినదానిని తెలియనివాని నెత్తిన మోపుట.

అయినను దీనికొక హద్దు కలదు. చిరునామాంకె యేదైనను మనకొకటే. మన మెక్కడ నున్నదియు పరులకు తెలుపుటయో, మన బిడ్డల ఛాయాచిత్రములను బయటికి పంపుటయో యట్టిది కాదు. అచ్చట యంత్రము ఊహింపరాదు. మన మౌనమును సమ్మతిగా గైకొనరాదు. ఎసరెంతయో గృహస్థే యెరుగవలెను. మారు వడ్డింపవలెనా యని మాత్రము అతిథినే యడుగవలెను.